ఏ పద్దు కింద?

మార్చి ఇరవై తొమ్మిది. కర్నూలు.
బిల్లుల కట్టలు లేచి లేచి నా బల్ల పక్క కిటికీని మూసేశాయి.
పైన ఫ్యాను, కింద పేపర్‌వెయిట్లు.
ఒకటి ఎగరేస్తానంటుంది, ఇంకోటి కదలనివ్వదు.
ఇరవై రెండేళ్లుగా ఆ రెండింటి మధ్య నా ఉద్యోగం.

కోసిగి నుంచి వచ్చిన ఫైలు పల్చనిది.
బడి పిల్లలకు జాగ్రత్తలు చెప్పడానికి తిరిగిన
ఆటో బాడుగ, నూట ఎనభై.
ఫోను రీచార్జి, రెండు వందల ముప్పై తొమ్మిది.
గుడ్డ బొమ్మలు రెండు, మూడు వందల నలభై.

బొమ్మల దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది.
"ఇవి ఏ పద్దు కింద? రశీదు జతపరచలేదు. వాపసు."
అందంగానే రాశాను.
నా దస్తూరీని ఆఫీసంతా మెచ్చుకుంటుంది.

వాపసు పోయిన కాగితం వెంట మనిషే వచ్చింది.
దస్తగిరమ్మ. కాంట్రాక్టు.
ఏడు నెలల జీతం రావాలి. ఆ మాట ఎత్తలేదు.

"దీపావళి పోతానే మా పక్క ఊర్లు ఖాళీ సార్.
సుగ్గికి పోతారు, గుంటూరు పక్క మిరక్కాయలు తెంపను.
పిల్లోల్లను అవ్వకాడ ఇడిసిపోతారు.
అవ్వకు చూపు ఆనదు.
పక్కింటోనికి బాగా ఆనుతాది.

సీజనల్ హాస్టలు ఈ యేడు జనవరిలో తెరిసినారు.
నవంబరు, డిసెంబరు
ఏ పద్దు కింద సార్?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను.
అందులో మార్చి తప్ప ఏమీ లేదు.

వైరు బుట్టలోంచి తీసి బల్ల మీద కూర్చోబెట్టింది.
ఆకుపచ్చ గౌను. కళ్లకు చొక్కా గుండీలు, ఒకటి పెద్దది.
"కుట్టినాయప్పకు సంతకమే రాదు, రశీదు యాడిస్తాడు?"

తర్వాత గొంతు తగ్గించింది.
"ఒక పిల్లోడు. పేరు చెప్పగూడదు.
నాలుగు వారాలు దీన్ని ఒళ్లో పెట్టుకోని ఊకే కూర్చున్నాడు.
అయిదో వారం వేలు పెట్టి చూపిచ్చినాడు.
వాళ్లు నోటితో చెప్పరు సార్."

ఎక్కడ అని నేను అడగలేదు.
గౌను ఒకచోట నలిగి రంగు వెలిసి ఉంది.
ఒక్క పిల్లోడి వేలికి గుడ్డ అంత వెలవదు.

పోయిన వారమే శాలువాలకు పాస్ చేశాను,
పూలబొకేలకు, ప్లాస్టిక్ స్వాగత తోరణానికి.
వాటి పద్దు నాకు నోటికొచ్చు.
జరిగిపోయినదానికీ పద్దుంది.
ఆస్పత్రికొకటి, కేసుకొకటి, పరిహారానికొకటి.
జరగకుండా ఆగినదానికి
ఎవరు రశీదు రాస్తారు?
'లబ్ధిదారుల సంఖ్య' గడిలో
దస్తగిరమ్మ ఒక అడ్డగీత గీసి వదిలేసింది.
దానిమీదా ఎర్ర సున్నా చుట్టింది నేనే.

ఆదోని బస్సుకు టైమయిందని లేచింది.
"రశీదు బదులు ఇదే పెట్టుకోండి సార్.
ఇంకోటుంది నా కాడ. దాంతో జరుపుకుంటా."

ఎర్ర రాతను చెరపడానికి మాకు పద్ధతి లేదు.
కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి.
పెట్టాను. మూడు వందల నలభై.
ఏడు నెలలు వేరే సెక్షను.
నవంబరు, డిసెంబరు ఏ సెక్షనో
ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

సర్వరు ఆగిపోయిందని పక్క బల్ల నుంచి ఎవరో అరుస్తున్నారు.

వోచరును ఫైలుకు గుండుసూదితో గుచ్చాలి, అది నియమం.
సూది తీసుకున్నాను.
బొమ్మను ఇటు తిప్పాను, అటు తిప్పాను.
భుజం. వీపు. అరచెయ్యి.
ఎక్కడ పెట్టబోయినా
అక్కడ ముందే ఎవరిదో వేలు ఉన్నట్టుంది.

ఆరు దాటింది. అటెండరు లైట్లు ఆర్పుతున్నాడు.
సూది ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది.